టైరుతో కుస్తీ పట్టేముందు

బాబీకి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న బైక్ టైరు మీరే విప్పుదామని కూర్చుని, అది రిమ్ము వదలక సుత్తి అందుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సుత్తి పక్కన పెట్టి ముందు ఇది చదవండి.

టైరు లోపలి అంచులో, రబ్బరు మధ్య, ఉక్కు తీగల కట్ట ఒకటి చుట్టూరా ఉంటుంది. దాన్నే బీడ్ అంటారు. అది సాగదు, సాగకూడదు కూడా. ట్యూబ్‌లెస్ టైరులో గాలి బయటికి పోకుండా ఆపేది రిమ్ముకీ బీడ్‌కీ మధ్య ఉన్న ఆ బిగువే. నడుస్తుండగా గాలి దిగినా అంచు లోపలికి జారిపోకుండా రిమ్ము మీద చిన్న గట్టు కూడా పెడతారు. దానికి తోడు ఏళ్ల తరబడి పట్టిన తుప్పు, మట్టి. అందుకే గాలి తీసేశాక కూడా అది అక్కడే మొండికేస్తుంది.

దాన్ని కదిలించడానికి దెబ్బ పనిచేయదు. సుత్తి దెబ్బను రబ్బరు మింగేసి మీ చేతికే తిప్పికొడుతుంది. గురి తప్పితే అల్లాయ్ రిమ్ము పగులుతుంది. కావలసింది రిమ్ము అంచుకి ఆనించి, ఒకే చోట, నిదానంగా పడే ఒత్తిడి. బీడ్ బ్రేకర్ పేరుతో అమ్మే పనిముట్లన్నీ చేసేది ఇదే. పంక్చర్ షాపులో మెషిన్ పక్కన వెడల్పాటి ఇనుప పలక చూసే ఉంటారు. పెడల్ తొక్కితే గాలి ఒత్తిడితో అది టైరును నొక్కుతుంది. ఇంట్లో వాడేవాటిలో పొడవాటి పిడి ఉన్నది ఒక రకం. పిడి ఎంత పొడవుంటే మన శ్రమ అంత తగ్గుతుంది. మరలు బిగించి నొక్కే సీ క్లాంపు ఇంకో రకం. నన్నడిగితే బైక్ టైరుకి క్లాంపే మేలు. ఆలస్యమైనా జారదు, వేళ్లు నలగవు.

ఏదీ లేకపోతే చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, ఇంకో బండి సైడ్ స్టాండ్‌ను చెక్కముక్క మీదుగా టైరు అంచుకి ఆనించి, ఆ బండిని స్టాండ్ వైపు వంచుతారు. దారిలో ఇరుక్కున్నవాళ్లకి బాగానే పనికొస్తుంది. బండి పట్టుకోడానికి మాత్రం ఇంకో మనిషి ఉండాలి. కింద చెక్కలు ఎత్తుగా పెట్టండి, బ్రేక్ డిస్క్ నేలకి తగిలి వంగిందంటే టైరు కంటే ఎక్కువ ఖర్చు. కారు చక్రంలో గాలి సెన్సార్ ఉంటే వాల్వు దగ్గర అసలు నొక్కొద్దు.

పని మొదలుపెట్టేముందు వాల్వు పిన్ను పూర్తిగా తీసేయండి. గాలి పోయిందనుకోవడం వేరు, పోవడం వేరు. అంచు చుట్టూ సబ్బు నీళ్లు బాగా పూయండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరు పాడవుతుంది. ఒకచోట కాస్త దిగాక పక్కకి జరిపి మళ్లీ నొక్కండి. రెండో వైపు కూడా వదలాలని మర్చిపోకండి.

ఇక లివర్లు, అంటే టైరు అంచును రిమ్ము మీదుగా పైకి లేపే ఇనుప పట్టీలు. రిమ్ము మధ్యలో చుట్టూరా ఒక పల్లం ఉంటుంది. అమ్మ గాజులు ఎలా తొడుక్కుంటుందో చూశారుగా, గాజు సాగదు కాబట్టి చేతినే ముడుస్తుంది. ఇక్కడా అంతే. లివరు పెట్టిన చోటుకి సరిగ్గా ఎదుటి వైపు మోకాలితో తొక్కి బీడ్‌ను ఆ పల్లంలోకి దించితే, ఇవతల కావలసినంత వదులు దొరుకుతుంది. లివరు బరువుగా ఉందంటే ఎదుటివైపు పైకి లేచిందన్నమాట. ఇంకా బలం పెడితే తీగ తెగుతుంది, ఆ టైరు ఇక పనికిరాదు. చాలామందికి తలప్రాణం తోకకొచ్చేది ఇక్కడే. ఒక్కోసారి కొంచెం కొంచెమే లేపండి.

మామయ్య దగ్గరున్న పాత చేతక్ స్కూటర్‌ది వేరే కథ. దాని రిమ్ము రెండు ముక్కలు, నట్లతో కలిపి ఉంటుంది. గాలి ఉండగా ఆ నట్లు విప్పితే ముక్కలు ఎగిరి మొహానికి తగులుతాయి. టైరును రిమ్ము మీద పట్టి ఉంచే లాక్ రింగ్ ఉండే పాత లారీ చక్రాల జోలికి మీరు అసలు పోవద్దు. వాటిలో గాలి 100 పీఎస్ఐ దాకా ఉంటుంది. రింగ్ ఊడితే మనిషి ప్రాణమే పోతుంది.

తిరిగి ఎక్కించాక గాలి కొడుతుంటే టప్‌మని రెండు చప్పుళ్లు వినబడతాయి, రెండు అంచులూ కూర్చున్నట్టు. టైరు పక్కన రిమ్ముకి దగ్గరగా సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది చుట్టూరా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దాక్కుంటే గాలి తీసి, సబ్బు నీళ్లు పూసి మళ్లీ కొట్టండి. 40 పీఎస్ఐ కొట్టినా కూర్చోకపోతే ఇంకా ఎక్కించొద్దు, షాపుకి తీసుకెళ్లండి.

క్లాంపు మా ఇంట్లో ఉంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి.

మీ
తాతయ్య