పాలిమర్ ఎల్‌ఈసీ: ఉప్పు తగ్గుతూ వచ్చిన ముప్పై ఏళ్లు

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వెలుగునిచ్చే ప్లాస్టిక్ పొర చేద్దామనుకుంటే ముందు గుర్తొచ్చేది ఓఎల్‌ఈడీ, అంటే కరెంటిస్తే వెలిగే సేంద్రియ పొరల దీపం. దానికి కాల్షియం, బేరియం లాంటి గాలి తగిలితే పాడయ్యే లోహాలు, వాటిని పూయడానికి వాక్యూమ్ యూనిట్, మందం మీద నానోమీటర్ల అదుపు కావాలి. లైట్ ఎమిటింగ్ ఎలక్ట్రోకెమికల్ సెల్, అంటే ఎల్‌ఈసీ, ఈ బరువు చాలావరకు దించేస్తుంది. దించేది పొరలో కలిపిన ఉప్పు. పరికరాన్ని చెడగొట్టేదీ ఆ ఉప్పే.

1977లో హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా పాలీఎసిటిలీన్ అనే ప్లాస్టిక్‌ని డోప్ చేసి, అంటే దాని చార్జిని మార్చే పదార్థం కలిపి, కరెంటు పారించారు. 1990లో కేంబ్రిడ్జిలో ఫ్రెండ్ బృందం పీపీవీ అనే పాలిమర్ పొరని వెలిగించింది. ఈ రెండు దారులూ 1995లో కలిశాయి. శాంటా బార్బరాలో క్విబింగ్ పే, హీగర్ తదితరులు వెలిగే పాలిమర్‌లో అయాన్లు కదలడానికి పాలీఇథిలీన్ ఆక్సైడ్ (పీఈఓ), లిథియం ట్రైఫ్లేట్ అనే ఉప్పు కలిపారు. వోల్టేజీ ఇస్తే అయాన్లు కదిలి ఆనోడ్ వైపు పి-రకం (ఎలక్ట్రాన్లు తగ్గే), క్యాథోడ్ వైపు ఎన్-రకం (ఎలక్ట్రాన్లు పెరిగే) డోపింగ్ జరుగుతుంది. రెండూ కలిసే జంక్షన్ పొరలోనే పుడుతుంది. అందుకే క్యాథోడ్‌కి కాల్షియం లాంటివి లేకుండా అల్యూమినియం సరిపోయింది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. అయాన్లు ఎలక్ట్రోడుల దగ్గర పేరుకుని చార్జి లోపలికి వెళ్లడాన్ని సులువు చేస్తాయంతే, డోపింగ్ కాదన్నారు డిమెల్లో, ఫ్రెండ్‌లు. ఎలక్ట్రోడులు పక్కపక్కన ఉన్న సెల్స్‌ని యూవీ కింద చూస్తే సంగతి కళ్లకు కడుతుంది: డోప్ అయిన చోట పాలిమర్ మెరుపు చచ్చిపోతుంది, రెండు వైపుల నుంచీ నల్లటి అంచులు పాకుతూ వచ్చి కలుస్తాయి, కలిసిన గీత దగ్గరే వెలుగు పుడుతుంది. చార్జి ధారాళంగా లోపలికి రాగలిగితే డోపింగ్, రాలేకపోతే రెండో మాట నిజమని 2010లో రెండు నమూనాలనీ కలిపారు.

ల్యాబుల్లో బాగా తిరిగిన పాళ్లు, బరువులో: పసుపుగా వెలిగే సూపర్ ఎల్లో పాలిమర్ 1, పీఈఓ 1.35, పొటాషియం ట్రైఫ్లేట్ 0.25. మూడింటినీ సైక్లోహెక్సనోన్‌లో మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున విడివిడిగా కరిగించుకుంటే అదే లెక్కన మి.లీ.లలో కలుపుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, పీఈఓ, పాలిమర్ ఒకదానితో ఒకటి ఇమడవు. పొర ఆరేటప్పుడు విడిపోయి దీవులు కడతాయి, వెలుగు మచ్చలుగా వస్తుంది. మిగులు ఎలక్ట్రోలైట్ (పీఈఓ, ఉప్పు కలిసినది) క్యాథోడ్ దగ్గర తానే రసాయన చర్యకు లోనై పాలిమర్‌ని పాడుచేస్తుంది. స్వీడన్ ఉమెయో విశ్వవిద్యాలయంలో ఎడ్‌మన్ బృందం పీఈఓ బదులు పొట్టి అణువులున్న ఎలక్ట్రోలైట్‌ వాడి పాళ్లని (పాలిమర్, ఆ పదార్థం, ఉప్పు వరసలో) 1 : 0.1 : 0.03కి దించింది. ఆయుష్షు పెరగడంలో ఈ ఒక్క మార్పుదీ పెద్ద వాటా. 2012లో వాళ్లే స్లాట్-డై పూతతో (సన్నని చీలిక గుండా ద్రావణం పరిచే పద్ధతి), మామూలు గాలిలోనే, వంగే పరికరాలు చేసి చూపించారు.

స్థిర వోల్టేజీ ఇస్తే డోపింగ్ ఆగక, జంక్షన్ ఇరుకై వెలుగు తగ్గుతుంది. స్థిర కరెంటు ఇవ్వాలి. మొదట వోల్టేజీ ఎక్కువగా ఉండి, డోపింగ్ జరిగేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి సోర్స్ మీటర్లో (కరెంటు ఇస్తూ కొలిచే పరికరం) వోల్టేజీకి పరిమితి పెట్టుకోవాలి.

మన తీరంలో అసలు శత్రువు తేమ. లిథియం ట్రైఫ్లేట్ గాలిలో తేమని ఇట్టే లాగేస్తుంది. పొటాషియం ట్రైఫ్లేట్‌ని వాక్యూమ్‌లో 200 డిగ్రీల దగ్గర, పీఈఓని 50 దగ్గర ఆరబెట్టాలి. 65 దాటితే పీఈఓ కరిగిపోతుంది. పూత గాలిలో వేసినా, గాజు పలక, ఎపాక్సీతో సీల్ చేశాకే కరెంటు ఇవ్వాలి. డోప్ అయిన పాలిమర్‌కి, ముఖ్యంగా ఎన్-వైపు, నీరు, ఆక్సిజన్ ఏ కొంచెం తగిలినా పడదు.