చిన్న చేపే కదా అనుకుంటే: సిక్లిడ్ ట్యాంక్ సైజుపై అపోహలు - వాస్తవాలు

డ్వార్ఫ్ సిక్లిడ్‌లను, అంటే సిక్లిడ్ కుటుంబంలోని పొట్టి రకం అక్వేరియం చేపలను, పెంచి పిల్లలు పెట్టించడం నా పని. "ఎన్ని లీటర్ల ట్యాంక్ తీసుకోమంటారు?" అని అడిగిన ప్రతి ఒక్కరినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: ట్యాంక్ అడుగుభాగం పొడవెంత, వెడల్పెంత?

అపోహ: వేలెడంత చేపకి పెద్ద ట్యాంక్ దేనికి?

వాస్తవం: సిక్లిడ్‌కి ఎంత చోటు కావాలో దాని ఒంటి సైజు చెప్పదు, దాని స్వభావం చెబుతుంది. నియాన్ టెట్రా కూడా చిన్నదే. కానీ అది మందలో తిరిగే చేప, దానికి సొంత జాగా అంటూ ఉండదు. సిక్లిడ్ జత కట్టి గుడ్లు పెట్టిందంటే చుట్టుపక్కల నేలంతా తనదే అంటుంది.

మొదట్లో నేను 45 సెంటీమీటర్ల ట్యాంక్‌లో అపిస్టోగ్రామా కకటుయిడిస్ అనే డ్వార్ఫ్ సిక్లిడ్ (ముద్దుగా అపిస్టో) జతను వేశాను. మగది 8 సెంటీమీటర్లు, ఆడది 5. వారం రోజులు ముచ్చటగా తిరిగాయి. ఒకరోజు పొద్దున లైటు వేసి చూస్తే ఆడది నిమ్మపండు రంగులోకి మారిపోయి, బోర్లించిన కొబ్బరి చిప్ప గుమ్మంలో కాపలా కాస్తోంది. లోపల పైకప్పుకి గుడ్లు అంటించి ఉన్నాయి. మగది ఎక్కడా కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా హీటర్‌కీ అద్దానికీ మధ్య సందులో, నీటి పైమట్టం దగ్గర, రెక్కలు ముడుచుకుని కనిపించింది. తోక చివర్లు పీలికలైపోయాయి. తనలో సగమున్న ఆడదాన్ని తప్పించుకోవడానికి దానికి ఆ మూల తప్ప ఇంకో చోటు లేదు. గుడ్లు కాచుకోవడం ఆడదాని ధర్మం, దాన్ని తప్పుపట్టలేం. తప్పు నాది. వేరే ట్యాంక్‌లోకి మార్చాక ఆ తోక మళ్లీ పెరిగింది. అప్పట్నుంచి ఏ ట్యాంక్ చూసినా ముందు ఒకటే చూస్తాను: తరిమితే ఆ చేప ఎక్కడికి పోతుంది?

అపోహ: లీటర్ల లెక్క సరిపోతే చాలు, ఆకారం ఏదైనా ఒకటే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న ట్యాంక్ 54 లీటర్లు. అదే ట్యాంక్‌ని నిలబెట్టినట్టు 30 పొడవు, 30 వెడల్పు, 60 ఎత్తుతో చేసినా 54 లీటర్లే. కానీ మొదటిదానికి 1800 చదరపు సెంటీమీటర్ల నేల ఉంది, రెండోదానికి 900. రామ్, అపిస్టో, క్రిబెన్సిస్ లాంటి డ్వార్ఫ్ సిక్లిడ్‌లు బతికేదంతా నేల దగ్గరే. పైనున్న ఆ ఎత్తంతా వాటికి దాదాపు వృథా. అందంగా ఉంటుందని నిలువు ట్యాంక్ కొని, అందులో రెండు జతలు వేసి, "ఎందుకు కొట్టుకుంటున్నాయి?" అని అడిగేవాళ్లను చూస్తే చేపల మీద జాలేస్తుంది.

ఇంకో సంగతి. 54 లీటర్లు అన్నంత మాత్రాన 54 లీటర్ల నీళ్లు పట్టవు. ఇసుక, రాళ్లు, కర్రలు కొంత చోటు ఆక్రమిస్తాయి, పైన కొంత ఖాళీ వదలాలి. చివరికి మిగిలేది సుమారు 45 లీటర్లు. మందు వేసేటప్పుడు ఈ లెక్కే పట్టుకోవాలి.

నేను పాటించే కొలతలు ఇవి. రామ్ జతకైనా, అపిస్టో ఒక్క జతకైనా అడుగుభాగం కనీసం 60 × 30 సెంటీమీటర్లు, వీలుంటే 60 × 45. ఒక మగ, రెండు మూడు ఆడ అపిస్టోలకు 90 × 45, అదీ ఒక్కో ఆడదానికి విడివిడిగా గుహ, మధ్యలో చూపు ఆగేలా కర్ర గానీ మొక్కల గుంపు గానీ పెట్టి. క్రిబెన్సిస్ జత ఒక్కటే ఉంటే 80 సెంటీమీటర్లు సరిపోతుంది. వేరే చేపలు కూడా ఉంటే మీటరుకి తగ్గించను. పిల్లలు బయటికొచ్చాక ఆ తల్లిదండ్రుల ముందు ఏ చేపా ధైర్యంగా తిరగలేదు.

అపోహ: ట్యాంక్‌ని బట్టే చేప పెరుగుతుంది.

వాస్తవం: ఇరుకులో, పాడైన నీళ్లలో చేప గిడసబారుతుంది. అది సర్దుకుపోవడం కాదు, జబ్బుపడటం. ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందిన ఎల్లో ల్యాబ్ అనే సిక్లిడ్ పిల్లల్ని 3 సెంటీమీటర్లప్పుడు చూసి డ్వార్ఫ్ అనుకుని తెచ్చుకుంటారు. అవి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. వాటి గుంపుకి 120 సెంటీమీటర్ల పొడవు, 200 లీటర్లు ఉండాలి.

అపోహ: పవర్‌ఫుల్ ఫిల్టర్ పెడితే చిన్న ట్యాంక్ సరిపోతుంది.

వాస్తవం: ఫిల్టర్ అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి ఇల్లు. చేపకి జాగా ఇవ్వలేదు. పైగా చిన్న ట్యాంక్‌లో అది తోసే నీటి జోరుకి ఈ చేపలు అలిసిపోతాయి.

అపోహ: ఎక్కువ చేపలు వేస్తే కొట్లాటలు తగ్గుతాయి.

వాస్తవం: మలావి రాతి సిక్లిడ్‌లను పెద్ద ట్యాంక్‌లో, గట్టి ఫిల్టర్‌తో, తరచూ నీళ్లు మారుస్తూ పెంచేవాళ్లు చేసే పద్ధతి ఇది. అక్కడ ఒక్క చేపే బలి కాకుండా కోపం అందరి మీదా పడుతుంది. అదే పని 60 సెంటీమీటర్ల ట్యాంక్‌లో రామ్‌లతో చేస్తే చివరికి ఒక జతే మిగులుతుంది.

అపోహ: చిన్న ట్యాంక్‌లో ఏ సిక్లిడూ బతకదు.

వాస్తవం: ఇది రెండో వైపు అతి. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండే మల్టీఫేసియేటస్ అనే సిక్లిడ్ ఉంది. మగది 4 సెంటీమీటర్లు దాటితే కొంచెమే, ఆడది ఇంకా చిన్నది. 60 × 30 సెంటీమీటర్ల అడుగుభాగంలో 5 సెంటీమీటర్ల మందాన ఇసుక పోసి, చేపకి రెండు మూడు చొప్పున గుల్లలు వేస్తే ఒక కాలనీయే స్థిరపడుతుంది. ఆ నీళ్లకి క్షారగుణం ఎక్కువ కాబట్టి అమ్మోనియా పేరుకుంటే మామూలు ట్యాంక్‌లో కంటే ప్రమాదం, అందుకే ఇంతకంటే చిన్నది నేను చెప్పను. ఈ చేపలు నోటితో ఇసుక తోడి ఉమ్మి, గుల్లని మూతి మాత్రమే కనిపించేలా పాతుకుంటాయి. కొన్ని వారాలకి ఆ మూతిలోంచి రెప్పవెంట్రుకంత పిల్ల తొంగి చూసి, మీ నీడ పడగానే లోపలికి జారిపోతుంది.