సొంత కొడుకే కదా, ఏం చేస్తుంది?

పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయాక మా గుర్రాల డాక్టర్లకు ఓ రకం ఫోన్లు మొదలవుతాయి. "డాక్టర్ గారూ, పిల్లకు ఆరు నెలలు నిండాయి, పాలు మాన్పించాం. షెడ్డులో ఇంకో గది ఖాళీ లేదు. తండ్రి దగ్గర వదిలేయొచ్చా?" ఇలా ముందే అడిగేవాళ్ళు కొందరే. చాలామంది వదిలేశాక, ఏదో ఒకటి అయ్యాక చేస్తారు. వాళ్ళందరూ చెప్పే మాట ఒక్కటే. "సొంత కొడుకే కదా సార్, ఏం చేస్తుందిలే అనుకున్నాం."

ఈ మాట పూర్తిగా గాలివాటం కాదు. అందుకే అంత ప్రమాదం. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో ఉన్నట్టు స్వేచ్ఛగా మందల్లో బతికే గుర్రాల్లో తండ్రి పిల్లల్ని ఓర్చుకుంటుంది, మగపిల్లలతో ఆడుతుంది కూడా. పిల్ల వచ్చి మెడ కొరికినా, మీదికి ఎగబడినా చాలాసార్లు ఊరుకుంటుంది. ఆ వీడియోలు చూసే మనవాళ్ళు ధైర్యం తెచ్చుకుంటారు. కానీ అక్కడ పిల్ల పుట్టిన రోజు నుంచీ తండ్రి పక్కనే ఉంది. మధ్యలో తల్లి ఉంది. తేడా వస్తే పరుగెత్తడానికి కనుచూపు మేర నేల ఉంది.

మన షెడ్లలో ఈ మూడూ ఉండవు. మన స్టాలియన్, అంటే దాటించే మగ గుర్రం, ఏళ్ళ తరబడి పన్నెండడుగుల గదిలో, అగాడి పిచ్చాడి (ముందూ వెనకా కట్టే తాళ్ళు) వేయించుకుని ఒంటరిగా నిలబడి ఉంది. పిల్ల పుట్టడానికి 11 నెలల ముందు ఒక ఆడ గుర్రాన్ని దాటించారు, దాని పని అయిపోయింది. ఈ పిల్ల తనదని దానికి ఎవరు చెప్పారు? పిల్లకు ఆరు నెలలు నిండాక తలుపు తీసి లోపలికి తోసింది దాని కొడుకుని కాదు, ముక్కూ మొహం తెలియని ఇంకో మగ గుర్రాన్ని.

ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. మంగోలియాలోని హుస్తాయ్‌లో 1992లో తిరిగి వదిలిన తాఖీ అడవి గుర్రాల సంగతి ఎక్కడో చదివాడట. ఆ జాతిలో మందను కొత్తగా చేజిక్కించుకున్న మగ గుర్రం, పాతదానికి పుట్టిన పిల్లల్ని చంపిన ఘటనలు ఉన్నాయి. "అంటే సొంతవాటిని వదిలేస్తుందనేగా?" అన్నాడు. ఆ మందలో తను కాపలా కాసిన తల్లికి తన కళ్ళ ముందు పుట్టిన పిల్ల వేరు, వేరే షెడ్డులో పుట్టి ఆరు నెలలకు పగ్గంతో వచ్చిన పిల్ల వేరు బాబూ. రక్తాన్ని నమ్మి పందెం కాయకండి. పరిచయాన్ని, చోటుని నమ్మండి.

కొన్నేళ్ళ కిందట ఓ పెళ్ళిబండ్ల ఆయన దగ్గరకు తెల్లారకముందే వెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లో పుట్టిన మొదటి పిల్ల, తెల్లటి నుక్రా జాతి, ఏడు నెలల కోల్ట్ (మగపిల్ల). రాత్రి తొమ్మిదికి తండ్రి గదిలో వదిలారు. అరగంట చూశారు, రెండూ వాసన చూసుకున్నాయి, గుర్రాలను చూసుకునే సయీసు వెళ్ళి పడుకున్నాడు. పక్క షెడ్డులో ఎదకొచ్చిన ఆడ గుర్రం ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నేను వెళ్ళేసరికి పిల్ల మెడ మీద పళ్ళ గాట్లు, ముందు కాలు మోకాలి కింద విరిగి ఉంది. చివరికి నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. "తప్పు నాదేనా సార్?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆ మనిషిని ఏమనగలం? చుట్టుపక్కల వాళ్ళంతా ఏం కాదనే చెప్పారు మరి. ఆ తండ్రి గుర్రాన్ని మాత్రం రాక్షసి అని అమ్మేశారు. అది రాక్షసి కాదు. గదిలో మూల తప్ప పిల్లకు పారిపోయే దారి లేదు, అంతే.

కలపకూడదని నేను అనడం లేదు. కలిపే పద్ధతి ఉంది. ముందు రెండు మూడు వారాలు కంచెకు అటొకటి ఇటొకటి ఉంచండి. ముళ్ళకంచె అసలొద్దు, కాలు దూరి ఇరుక్కునే సందులూ వద్దు. ఆడ గుర్రాలను కంటికీ గాలికీ అందనంత దూరం పంపండి. స్టాలియన్ వెనక కాళ్ళ నాడాలు తీయించండి. ఇద్దరికీ కడుపునిండా గడ్డి పెట్టాక, పగటి పూట, కనీసం ఎకరం ఖాళీ చోటులో వదలండి. పగ్గాలు వేలాడనివ్వొద్దు. గడ్డి రెండిటికీ మూడు కుప్పలు, దూరం దూరంగా. దాణా మాత్రం వేరుగా కట్టేసే పెట్టండి, సగం గొడవలు ఉలవల దగ్గరే వస్తాయి. మొదటి వారాలు రాత్రుళ్ళు విడిగానే.

కీచుమని అరవడం, ముందు కాలు విసరడం, కాస్త తరమడం మామూలే, టెన్షన్ పడొద్దు. చెవులు వెనక్కి అణిచి, తల నేలకు దించి, ఆపకుండా మూలకు తరుముతుంటే, మెడ పట్టి ఊపుతుంటే విడదీయండి. మధ్యలో దూరి కాదు. బకెట్ మోగించండి, గేటు తెరవండి. సయీసు చెయ్యి విరిగాక నాకు ఫోన్ చేసి లాభం లేదు.

ఇక మిగతావి. పిల్ల తండ్రిని చూసి నోరు తెరిచి మూస్తూ టపటపలాడిస్తే పాలకోసమనో, కరవబోతోందనో అనుకుంటారు. అది చిన్న గుర్రాలు పెద్దవాటి ముందు చేసే చేష్ట. అలా చేసింది కాబట్టి తండ్రి వదిలేస్తుందని మాత్రం భరోసా లేదు. సుళ్ళు చూసి "ఈ పిల్ల తండ్రికి పడదు" అని తేల్చేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు, ఓపికా లేదు.

"రెండేళ్ళ దాకా పిల్లకు ఏం తెలీదు" అన్నది ఇంకో ఖరీదైన మాట. ఏడాది నిండేసరికే చూలు చేయగల కోల్ట్‌లు ఉంటాయి. తల్లితో, అక్కచెల్లెళ్ళతో ఏడాది దాటనివ్వకండి. కాయలు కొట్టించాం (వృషణాలు తీయించాం) కదా అని మర్నాడే ఆడవాటి మధ్య వదిలేవాళ్ళూ ఉన్నారు. కనీసం ఆరు వారాలు ఆగండి.

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా ఉంది, మగ గుర్రాన్ని జీవితంలో ఎవరితోనూ కలపకూడదని. స్విట్జర్లాండ్‌లో అవెంష్ ప్రభుత్వ అశ్వశాలలో దాటించే స్టాలియన్లనే పచ్చికలో గుంపుగా ఉంచి చూశారు. కొన్ని రోజులకే కొట్లాటలు బాగా తగ్గాయి. మన దగ్గర మాత్రం ఈ భయంతో కోల్ట్‌ని ఆరో నెల నుంచి ఒంటరిగా కట్టేస్తారు. దానికి ఆడుకోవడానికి మిగిలేది మనుషులే. ఒక ఇంట్లో చిన్నపిల్లలు సరదాగా కోల్ట్‌కి ముందు కాలు ఎత్తి షేక్‌హ్యాండ్ ఇవ్వడం నేర్పారు. రెండేళ్ళకు అదే షేక్‌హ్యాండ్ సయీసు భుజం మీద పడింది, ఎముక విరిగింది. కొరికితే ఎంత నొప్పో ఇంకో గుర్రం నేర్పాలి, మనం నేర్పలేం.

తండ్రి దగ్గర వీలుకాకపోతే కాయలు కొట్టించిన శాంతమైన పెద్ద గుర్రం తోడుగా ఇంకా మేలు. అది మన దగ్గర దొరకదు, ఎందుకంటే మార్వాడీ జాతి గుర్రానికి కాయలు కొట్టిస్తే పరువు పోతుంది! అదే వయసు ఇంకో కోల్ట్ ఉన్నా సరే.

కలిపినవాటిని ఎన్నాళ్ళు ఉంచాలని అడుగుతారు. మందల్లో మగపిల్లలు సుమారు రెండు మూడేళ్ళకు బయటికి పోయి తమలాంటి వాటితో తిరుగుతాయి. నాకు తెలిసిన ఒక తోటలో తండ్రీ కొడుకులు పదిహేను నెలలు కలిసి మేశాయి. రోజూ తండ్రి వేసిన పేడ కుప్పను పిల్ల వాసన చూసి పక్కకు తప్పుకునేది. ఒకరోజు తప్పుకోలేదు, దాని మీదే తనూ వేసింది. తండ్రి తిరిగొచ్చి, పెదవి పైకి ముడిచి వాసన చూసి, మళ్ళీ దాని మీద వేసింది. తోట ఆయన నవ్వుతూ ఫోన్‌లో చెప్పాడు. అది పిల్ల తండ్రితో పోటీకి దిగుతోందన్న గుర్తు. ఆ వారమే రెండో కంచె వేయించమన్నాను.