కౌంట్ నార్మల్ అంటే ఆవుకు జబ్బు లేనట్టేనా?

అపోహ: రక్తంలో తెల్లకణాలు పెరగలేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు.

ఈ మాట నమ్మి పాడి ఆవుల్ని పోగొట్టుకున్నవాళ్లను చూస్తూనే ఉన్నాను. మనిషి రిపోర్ట్ చదివినట్టు ఆవు రిపోర్ట్ చదివితే ఇంతే. సూక్ష్మజీవుల్ని మింగి చంపే తెల్లకణాలే న్యూట్రోఫిల్స్. ఆవు ఎముక మజ్జలో వీటి నిల్వ తక్కువ. పొదుగులో ఈ.కోలై బ్యాక్టీరియా పడిందనుకోండి, అక్కడి కణాలు ఐఎల్-8 అనే ప్రోటీన్‌ను వదులుతాయి, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల నుంచి సీ5ఏ తయారవుతుంది. ఈ రెండు ప్రోటీన్లూ న్యూట్రోఫిల్స్‌ను రక్తంలోంచి పొదుగులోకి లాగేస్తాయి. కొత్తవి తయారయ్యేలోపు రక్తంలో కౌంట్ పడిపోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడే తగ్గేది!

అనుమానముంటే రక్తంలో వాపును పట్టిచ్చే ప్రోటీన్లు చూడాలి: ఫైబ్రినోజెన్, వీలైతే హాప్టోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న ఆవులో హాప్టోగ్లోబిన్ దాదాపు కనిపించదు, వాపు వస్తే వంద రెట్లకు మించి పెరగొచ్చు. మనుషుల్లో వాపు తెలుసుకోడానికి చేసే సీఆర్‌పీ పరీక్ష ఆవుల్లో పెద్దగా పనికిరాదు, దానికి డబ్బు తగలేయకండి.

ఇంతకంటే ప్రమాదం, కౌంట్ పెరిగిందని సంబరపడటం. ఒక రైతు ఆవుకు ఈనిన వారానికే పొదుగు రాయిలా గట్టిపడింది. ఎవరో వరసగా డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్లు వేశారు. వాపు తగ్గింది, కౌంట్ పెరిగింది. "బలం పుంజుకున్నట్టే కదా డాక్టర్ గారూ?" అన్నాడు. చన్ను పిండితే పసుపు నీళ్లు, మధ్యలో తరకలు. న్యూట్రోఫిల్ రక్తనాళం గోడను పట్టుకుని బయటికి రావాలంటే దాని మీద ఎల్-సెలెక్టిన్ అనే ప్రోటీన్ ఉండాలి. స్టెరాయిడ్ దాన్ని ఊడగొడుతుంది. కణాలన్నీ రక్తంలోనే తిరుగుతుంటాయి, పొదుగులో సూక్ష్మజీవులకు అడ్డుండదు. ఆ చన్ను ఎండిపోయింది, మిగతా మూడూ దక్కాయి. డెక్సా చెడ్డ మందేం కాదు, కీటోసిస్‌కు (ఈనిన ఆవుల్లో ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బుకు) మేమూ వాడతాం. నిండు చూడి ఆవుకు వేస్తే మాత్రం ఈసుకుపోతుంది.

పాలలో తెల్లకణాలుంటే పాలు పాడైనట్టేనా? కాదు. మంచి పాలలోనూ మిల్లీలీటరుకు లక్ష దాకా ఉంటాయి, 2 లక్షలు దాటితే అనుమానించండి.

విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చేది కౌంట్ కోసం కాదు, మింగిన సూక్ష్మజీవిని చంపే సత్తా కోసం.

ఈనిన రోజు కౌంట్ ఎక్కువుందని టెన్షన్ పడుతూ ఫోన్ చేసేవాళ్లకు ఒక మాట. ఈత సమయంలో ఒంట్లోనే కార్టిసాల్ పెరుగుతుంది, కౌంట్ కొద్ది రోజుల్లో దిగుతుంది. ఆవు మేస్తూ, నెమరేస్తూ, జ్వరం లేకుండా ఉంటే కంగారు అక్కర్లేదు. పూటపూటా మొదటి ధారలు నల్లటి పళ్లెంలో పిండి చూడండి. తరకలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌ను పిలవండి.