శ్రీహరికోట యానాదులు: 1958లో ఇచ్చిన మాట

శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఆ దీవి వార్తల్లోకి వచ్చినప్పుడల్లా పాత ప్రశ్న తిరగబెడుతుంది. అక్కడి నుంచి తరలించిన గిరిజనులైన యానాదులకు న్యాయం జరిగిందా? ఆదివాసీల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటన వెలువడింది 2007లో, యానాదుల తరలింపు జరిగింది అంతకు దశాబ్దాల ముందు కాబట్టి రెంటికీ ముడిపెట్టలేమనే వాదన ఉంది. ఈ లెక్కలో అసలు సంవత్సరమే జారిపోయింది.

అది 1958. ఆదివాసీ, గిరిజన ప్రజల రక్షణకు అంతర్జాతీయ కార్మిక సంస్థ అంతకు ముందు ఏడాది తెచ్చిన 107వ ఒడంబడికను భారత్ ఆ సెప్టెంబరులో ఆమోదించింది. అనాదిగా అనుభవిస్తున్న భూమిపై గిరిజనుల యాజమాన్యాన్ని గుర్తించాలని దాని 11వ అధికరణం చెబుతుంది. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి లేకుండా వారిని కదిలించరాదన్నది 12వది. దేశభద్రత, ఆర్థికాభివృద్ధి వంటి కారణాలకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ ఆ మినహాయింపు వాడుకుంటే పాత భూమికి ఏమాత్రం తీసిపోని భూమి ఇవ్వాలి. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేసేనాటికి ఈ మాట ఇచ్చి పదకొండేళ్లయింది.

దీవిపై యానాదుల హక్కు ఎంత పాతదో వలస పాలకుల రికార్డులే చెబుతాయి. 1835లో కంపెనీ ప్రభుత్వం శ్రీహరికోట అడవిని చేతుల్లోకి తీసుకునేటప్పటికే వారు అక్కడ ఉన్నారు. ఎర్ర రంగు తీసే చిరివేరు, కుంకుడుకాయలు, తేనె వారిచేతే సేకరింపజేసి, బదులుగా ధాన్యం, బట్టలు ఇచ్చేవారు. ఏ వేరు ఎక్కడ దొరుకుతుందో, ఏ చెట్టున తేనెపట్టు పడుతుందో తెలిసినవారు వారే. అడవి సర్కారుదైంది. అడవి ఎరిగిన మనుషులు కూలీలయ్యారు. ఒక వైపు పులికాట్, మరో వైపు సముద్రం ఉన్న ఆ నేలను వదిలితే ఈ విద్యకు మరోచోట విలువ కట్టేవారెవరు? సమాన నాణ్యత గల భూమి అంటే ఇన్ని ఎకరాలకు అన్ని ఎకరాలని కొలిచి ఇవ్వడం కాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

గ్రీకు న్యాయ పండితురాలు ఎరికా ఐరీన్ డేస్ జీవితకాలపు కృషి ఈ అంశం చుట్టూనే సాగింది. ఐక్యరాజ్యసమితి ఆదివాసీ కార్యబృందానికి ఆమె 1984 నుంచి 2001 వరకు అధ్యక్షురాలు. ఐక్యరాజ్యసమితి గుర్తింపుగా ఇచ్చే సంప్రదింపుల హోదా లేని సంఘాల ప్రతినిధులు కూడా ఆ బృందం ముందు నేరుగా మాట్లాడగలిగారు. 1993లో సిద్ధమైన ప్రకటన ముసాయిదా అలా విన్న మాటల మీదే నిలిచింది. భూమితో ఆదివాసీలకున్న బంధాన్ని ప్రభుత్వాల చట్టాలు గుర్తించకపోవడమే సమస్యకు మూలమని ఆమె తన భూ అధ్యయనంలో వాదించారు. 2007 ప్రకటనలోని 10వ అధికరణం సమ్మతి, న్యాయమైన పరిహారం, వీలైనచోట తిరిగివెళ్లే అవకాశం కోరుతుంది. భారత్ అనుకూలంగానే ఓటు వేసింది. అయితే తమ దేశ ప్రజలందరూ మూలవాసులేనన్నది ప్రభుత్వ వైఖరి.

దేశీయ చట్టాల సంగతి ఇంకో బాధ. మన రాష్ట్రంలో గిరిజన భూమికి రక్షణగా చెప్పుకునే 1970 నాటి ఒకటో నిబంధన (గిరిజనేతరులకు భూ బదిలీని అడ్డుకునేది), 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు (ప్రైవేటు గనుల లీజులను అడ్డుకున్నది) షెడ్యూల్డ్ ప్రాంతాలకే, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన వాటికే పరిమితం. చిత్తూరు, నెల్లూరు వైపు అలాంటి ప్రాంతమే లేదు. రాష్ట్రంలో 5 లక్షలకు పైగా జనాభా ఉన్న యానాదుల్లో అత్యధికులు ఆ గీతకు బయటివారే.

2006 అటవీ హక్కుల చట్టానికి ఆ గీతతో పనిలేదు. పునరావాసం లేకుండా 2005 డిసెంబరు 13కు ముందు అటవీ భూమి నుంచి అక్రమంగా తొలగించిన వారికి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం పొందే హక్కును సెక్షన్ 3(1)(ఎం) ఇస్తుంది. ఆ తొలగింపు అక్రమమా కాదా అన్నది తేల్చేటప్పుడు 1958 నాటి మాటను పక్కన పెట్టడానికి వీల్లేదు. శ్రీహరికోట కుటుంబాల తరఫున క్లెయిములు వస్తే తుది నిర్ణయం తీసుకోవలసింది కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ. అంటే నెల్లూరు కాదు, ఇప్పుడు తిరుపతి.