తుపాకీకి తాళం ఎక్కడ ఉండాలి: ఉత్తరాంధ్ర లైసెన్సుదారుల వాదన వెనుక చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉంచుకున్న రైతుల దగ్గర, తుపాకీలోనే తాళం బిగించి అమ్మే పద్ధతి గురించి మాట ఎత్తితే రెండు రకాల సమాధానాలు వస్తాయి. ఇంట్లో మనుమలు తిరుగుతున్నవారు అలాంటిది ఉంటే మంచిదే అంటారు. మొక్కజొన్న చేలో మంచె మీద రాత్రిళ్లు గడిపేవారు, చీకట్లో తాళంచెవి వెతుక్కోవలసిన తుపాకీ తమకెందుకని అడుగుతారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. కానీ ఈ తగవు పుట్టింది మన దగ్గర కాదు, అమెరికాలో. అది పుట్టిన చోట ఉన్న తుపాకీ మన రైతు చేతిలో ఉన్న తుపాకీ కాదు. ఆ తేడాను పట్టించుకోకుండా తాళం కావాలా వద్దా అని తేల్చబోతే అసలు ప్రమాదం ఎక్కడుందో కనబడదు.

ముందుగా సేఫ్టీ మీటనూ తాళాన్నీ విడదీసి చూడాలి. సేఫ్టీ మీట తుపాకీ పట్టుకున్న మనిషి కోసం ఉన్నది. పొరపాటున ట్రిగ్గరు మీద వేలు పడినా పేలకుండా అది ఆపుతుంది, వేలితో నెడితే తొలగిపోతుంది. ఆ మనిషి దగ్గర లేనప్పుడు మరొకరు దాన్ని పేల్చకుండా ఆపేది తాళం. సేఫ్టీ చరిత్ర చాలా పాతది. జర్మనీ వారి 1898 నాటి మౌజర్ రైఫిల్‌కు మూడు స్థానాల సేఫ్టీ ఉండేది. దాన్ని మధ్య స్థానంలో ఉంచితే ట్రిగ్గరు పనిచేయదు గాని బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే గడియ) తెరుచుకుంటుంది, అంటే సేఫ్టీ తీయకుండానే తూటాను బయటికి లాగవచ్చు. బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్‌లో ఆ వీలు లేదు. సేఫ్టీ వేస్తే బోల్టు కూడా బిగుసుకుంటుంది కాబట్టి తూటా తీయాలంటే సేఫ్టీ తొలగించి తీరాలి. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసం తయారుచేసిన .315 రైఫిల్ ఆ లీ ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందినదే.

ఇదేమంత చిన్న విషయం కాదని అమెరికా అనుభవం చెబుతోంది. అక్కడ వేటగాళ్లు విరివిగా కొన్న రెమింగ్టన్ 700 రైఫిల్‌లో 1982 వరకు సేఫ్టీ వేస్తే బోల్టు కదిలేది కాదు. 2000లో మోంటానా రాష్ట్రంలో వేట ముగించుకొని వచ్చిన ఒక కుటుంబంలో, తల్లి తూటా తీయడానికి సేఫ్టీ మీట నెట్టగానే రైఫిల్ పేలింది, గుర్రాలను తీసుకెళ్లే ట్రెయిలరుకు అవతల ఉన్న తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. ట్రిగ్గరు దానంతట అదే పేలిందని కుటుంబం చెప్పింది. తమ రైఫిల్‌లో లోపం లేదన్నది దాన్ని తయారుచేసిన రెమింగ్టన్ సంస్థ వాదన. అదే సంస్థ తర్వాత కొత్త ట్రిగ్గరు తెచ్చి, 2014లో దానినీ సరిచేయడానికి వెనక్కి పిలిపించుకుంది.

సరిగ్గా ఆ 2000 ప్రాంతంలోనే రెమింగ్టన్ తన రైఫిళ్ల బోల్టు వెనుక భాగంలో చిన్న తాళం అమర్చి అమ్మింది. తాళంచెవి తిప్పితే రైఫిల్ పేలదు. యజమానులు దీన్ని మూడు కారణాలతో వ్యతిరేకించారు. అదనంగా చేర్చిన ప్రతి భాగమూ మట్టికి, మంచుకు మొరాయించగలదని మొదటి అభ్యంతరం. అడవిలో విడిది చేసిన చోట తాళంచెవి పోతే వేట అంతటితో ఆగిపోతుందని రెండోది. ఈరోజు తయారీదారు ఇష్టంతో వచ్చిన తాళం రేపు చట్టం రూపంలో వస్తుందన్న అనుమానం మూడోది, అన్నిటికంటే బలమైనది కూడా అదే. తాళం లేని విడిభాగం కొని మార్చుకున్నవారు ఉన్నారు. కొన్నేళ్లకు సంస్థే ఆ తాళాన్ని మానుకుంది.

ఆ అనుమానానికి అప్పటి రాజకీయాలు ఆజ్యం పోశాయి. 2000 మార్చిలో తుపాకులు తయారుచేసే స్మిత్ అండ్ వెసన్ సంస్థ క్లింటన్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, తన చేతి తుపాకుల్లో (పిస్తోళ్లు, రివాల్వర్లలో) తాళాలు అమర్చడానికి అంగీకరించింది. కొనుగోలుదారులు ఆ సంస్థను బహిష్కరించారు. మరుసటి సంవత్సరం దాన్ని తుపాకీ తాళాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ కొనేసింది. చివరికి 2005 నాటి అమెరికా చట్టం, డీలరు అమ్మే చేతి తుపాకీతో పాటు తాళమో, భద్రంగా దాచే సాధనమో ఇవ్వాలని చెప్పి ఊరుకుంది. వేట రైఫిళ్ల జోలికి అది పోలేదు.

ఇక మన దగ్గరి సంగతి. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం సామాన్యుడి చేతిలోని తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసింది. విజయనగరం, బొబ్బిలి, టెక్కలి, మందస వంటి సంస్థానాల్లో వేట జమీందార్ల వేడుకగా మిగిలింది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ఉత్తరాంధ్ర రైతుకు ఎంతో ముఖ్యమైనది. నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని, అది చాలదని అధికారికి తోస్తేనే లోపల చారలు లేని నున్నని గొట్టం తుపాకీ మరో రకానికి ఇవ్వవచ్చని అందులో ఉంది. అంటే రెమింగ్టన్ లాగా బోల్టులో తాళం బిగించడానికి వీలులేని తుపాకీనే చట్టం రైతుకు మొదటగా చూపించింది.

సీతంపేట వైపు ఒక ఇంట్లో అలాంటి తుపాకీని దగ్గరగా చూశాను. మూతిలోంచి మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, సీసపు రవ్వలు వేసి, మళ్లీ పీచు పెట్టి ఇనుప చువ్వతో దట్టిస్తారు. వెనుక చిన్న మొన మీద నిప్పు పుట్టించే రాగి క్యాపు తొడిగి, సుత్తిలాంటి భాగాన్ని వెనక్కి లాగితే పేల్చడానికి సిద్ధం. ఇందులో బోల్టు లేదు, సేఫ్టీ మీట లేదు. తాళం గురించి అడిగితే ఆ పెద్దాయన, "కేపు తీసీసినాక అది ఉత్త గొట్టవే గదా బాబూ" అన్నారు. సగం నిజమే, క్యాపు లేకుండా సుత్తి పడినా మందు అంటుకోదు. కానీ ఒకసారి దట్టించిన మందును తీయాలంటే పేల్చనైనా పేల్చాలి, మరమొన ఉన్న చువ్వతో ఓపికగా పీకనైనా పీకాలి. అందుకని దట్టించిన తుపాకీ అలాగే గోడకు వేలాడుతుంది. క్యాపుల డబ్బా అదే గోడ గూట్లో ఉంటుంది. పిల్లవాడి చేతికి ఆ రెండూ ఒకేసారి అందుతాయి.

ప్రభుత్వం మాత్రం ఈ ప్రాంతంలో తుపాకీ భద్రతను చాలాకాలం మరో కోణంలో చూసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లితో మొదలుపెట్టి వరుసగా మూడు పోలీసు స్టేషన్ల నుంచి ఆయుధాలు పట్టుకుపోయింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయారు. ఆ తర్వాత చెలరేగిన శ్రీకాకుళం పోరాటంలో భూస్వాముల ఇళ్లలోని తుపాకులు నక్సలైట్ దళాల చేతికి వెళ్లాయి. ఈ చరిత్ర ఉన్న చోట భద్రత అంటే తుపాకీ ఎవరి చేతికీ చిక్కకుండా చూడటమేనని అధికారులు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నేటికీ ఎన్నికలు వస్తే అధికారులు ఆదేశించినవారు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించాలి. లైసెన్సుదారు ఎరిగిన తాళం ముఖ్యంగా స్టేషను తాళమే. ఇంట్లో పిల్లవాడి సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

మంచె మీద ఉన్న రైతు వాదనను కూడా చట్టంతో కలిపి చూడాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వేటను దాదాపుగా నిషేధించాయి. అడవిపంది చేలో పడి వేరుశనగ పెళ్లగిస్తున్నా, అటవీ అధికారుల అనుమతి లేనిదే కాల్చకూడదు. కాబట్టి ఆ అనుమతి లేకుండా పంట కాపలా తుపాకీ ఈరోజు చట్టబద్ధంగా చేయగల పని చప్పుడు చేసి బెదరగొట్టడమే. చప్పుడుకు అర నిమిషం ఆలస్యమైతే కొంత పంట పోవచ్చు. అది రైతుకు నష్టమేనని నేను కాదనను, చేలో కరెంటు తీగలు పరిచే దారుణానికి తుపాకీ చప్పుడు ఎంతో మేలు కూడా. అయినా తాళం వద్దనడానికి మంచె మీద చెప్పే కారణం ఇంటికి వర్తించదు. మంచె మీద తుపాకీ మనిషి చేతిలో ఉంటుంది, ఇంట్లో గోడకు ఉంటుంది.

2016 ఆయుధాల నిబంధనలు ఈ ఇంటి వైపు మొదటిసారి గట్టిగా చూశాయి. లైసెన్సు అడిగేవారు తుపాకీని భద్రంగా దాస్తామని హామీ రాసివ్వాలి. నా దృష్టిలో మన జిల్లాలకు సరిపడే మాట అదే: తుపాకీలో తాళం కాదు, తుపాకీ పెట్టే ఇనుప పెట్టెకు తాళం, మందు, క్యాపులు వేరే చోట, ఇంటికి వచ్చే ముందే గొట్టం ఖాళీ. పెట్టె కొనే స్తోమత లేని గిరిజన రైతుకు దాన్ని ప్రభుత్వమే ఇవ్వాలి. రాసిచ్చిన హామీ ఇంట్లో అమలవుతోందా అని చూడటానికి మొదట తోచే సందర్భం లైసెన్సు పునరుద్ధరణ. కానీ ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో ఆ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది కాబట్టి, ఆ తనిఖీని పునరుద్ధరణతో ముడిపెట్టకుండా ఏటా ఒకసారి జరపాలని నా అభిప్రాయం.