కొలతకు డబ్బు ఎవరిచ్చారు?

పరిశోధనలకు నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆరా తీసే విలేకరులకు విడిగా గ్రాంట్లు ఎందుకని విశాఖపట్నంలో జర్నలిజం చదువుతున్న ఒక పాఠకురాలు అడిగారు. ఆర్కే బీచ్ ఇసుకను తీసుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది.

నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. బీచ్‌కు దక్షిణాన ఉన్న ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలలను ఆపేందుకు సముద్రంలోకి కట్టిన గోడలు) ఆ ప్రవాహానికి అడ్డుపడటం వల్ల, అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి బీచ్‌లో పోస్తుంటారు. ఈ తీరంపై అధ్యయనానికి ఆరు నెలలకే నిధులు మంజూరయ్యాయనుకుందాం. జూన్‌లో మొదలుపెడితే ఒక లెక్క, నవంబరులో మొదలుపెడితే మరో లెక్క వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకి ఇసుకను కోసుకుపోయిన వెంటనే తీసిన కొలతతో పోల్చి చూస్తే, కోతకు గురవుతున్న బీచ్ కూడా కొంతకాలం పెరిగినట్టే కనిపించవచ్చు. పరికరంలో లోపం లేకపోయినా, పట్టికలోని ప్రతి అంకె నిజమే అయినా, ఏ నెలల్లో కొలవాలో నిర్ణయించినవారే సగం ఫలితాన్ని కూడా నిర్ణయించేస్తారు.

నివేదిక సారాంశం చదివితే ఇది దొరకదు. ఒప్పంద పత్రం, కొలతల తేదీలు, పక్కన పెట్టిన అంకెలు చూడాలి. కేంద్ర సంస్థలకు సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలే, జవాబుకు గడువు 30 రోజులే. సమాచారం ఇవ్వబోమంటే మాత్రం అప్పీళ్లతో నెలలు గడుస్తాయి. రోజూ వార్తలు పంపితే తప్ప ఇల్లు గడవని కంట్రిబ్యూటర్‌కు అంత తీరిక గ్రాంటు ఉంటేనే దొరుకుతుంది.

ఆ తీరిక ఎంత విలువైనదో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకా వ్యవహారంలో చూశాం. టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ, 12 మంది పిల్లల వివరాలతో 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం ప్రధాన రచయితకు, టీకా కంపెనీలపై దావా నడుపుతున్న న్యాయవాది ద్వారా డబ్బు అందిందని 2004లో బయటపెట్టింది బ్రయాన్ డీర్ అనే విలేకరి. పత్రిక ఆ వ్యాసాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. ఈలోగా పాకిన భయం ఇప్పటికీ తల్లిదండ్రులను వదలలేదు.

శాస్త్రవేత్తను అడిగే ప్రశ్న విలేకరికీ వర్తిస్తుంది. పరిశోధనలకు నిధులిచ్చే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిలే, విలేకరులు పరిశోధన సంస్థల్లో కొన్ని నెలలు గడిపేందుకు ఫ్రాంటియర్స్ పథకం కింద డబ్బు ఇస్తోంది. ఇలాంటి ఏ గ్రాంటులోనైనా నేను ముందుగా చూసేది షరతులనే: ప్రచురణకు ముందు దాత వ్యాసాన్ని చూడకూడదు, దాత పేరూ మొత్తమూ వ్యాసంతోపాటే అచ్చు కావాలి, వెతికినంతా వెతికాక తప్పేమీ లేదని తేలినా డబ్బు తిరిగి అడగకూడదు. ఈ చివరి షరతు లేకపోతే, ఏదో ఒక తప్పు చూపించి తీరాలన్న ఒత్తిడితో విలేకరి కూడా తనకు పనికొచ్చే నెలల అంకెలనే ఏరుకునే ప్రమాదం ఉంది.